బోట్లు కదిలేలోపు ఒక పాట

మా స్టూడియో అంటే మేడమీద ఒకే ఒక గది. గోడలకు లోపలివైపు పాత బొంతలు బిగించి, వాటిమీద ముదురు నీలం గుడ్డ కుట్టించాం. కిటికీకి రెండు వరసల తలుపులు పెట్టించాం. రికార్డింగు జరిగేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, ఏసీ ఆపేయాలి, కింద వంటింట్లో మిక్సీ కూడా ఆపేయాలి. రాజమహేంద్రవరం ఎండల్లో ఆ గదిలో నిలబడి పాట పాడటమంటే మాటలు కాదు. అయినా జనం వచ్చి పాడుతూనే ఉంటారు. భజన బృందాలు వస్తాయి, కాలేజీ పిల్లలు వస్తారు, స్కూలు వార్షికోత్సవానికి పాటలు కావలసిన టీచర్లు వస్తారు. చేపల మేత అమ్మే దుకాణాలవాళ్లు ఆటోలో మైకు పెట్టి వేసుకునే ప్రకటనలు చెప్పించుకోవడానికి వస్తారు.

ఈ స్టూడియోకు ఇద్దరం యజమానులం, నేనూ మా అత్తగారూ. ఆవిడ సంగీతం టీచరుగా రిటైరయ్యారు. ఆ గదిలోనే ఎన్నో ఏళ్లు పిల్లలకు సరళీ స్వరాలు చెప్పారు. నేను భీమవరంలో ఇంజనీరింగు చదువుకుని, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, నచ్చక మానేసి వచ్చి ఈ పని మొదలుపెట్టాను. మిషన్లన్నీ నా వంతు. చెవి ఆవిడ వంతు. ఎవరైనా పాడుతుంటే ఆవిడ గుమ్మం పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటారు. కనుబొమ్మ కదిలిందంటే ఎక్కడో అపస్వరం పడిందన్నమాట. నేను రికార్డింగు ఆపి, "ఇంకోసారి పాడదామండి" అంటాను.

ఆ వేసవిలో నరసాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఆరుగురు ఆడవాళ్లు మా దగ్గరికి వచ్చారు. అందరూ చేపలు అమ్ముకునే కుటుంబాలవాళ్లే. వాళ్ల పెద్ద ఒకావిడ ఉంది. నల్లగా, ఎత్తుగా ఉంటుంది. ఆవిడ మామూలుగా మాట్లాడినా కింద వీధిలోకి వినపడుతుంది. మొదటిరోజు గదిలోకి వస్తూనే చుట్టూ చూసి, "ఇదేంటండీ, దుప్పట్లు గోడకేశారు?" అంది. పాట బయటికి పోకుండా అని చెప్పాను. "బయటికి పోవడానికే కదండీ పాడేది!" అంది. అప్పటినుంచీ నాకు ఆవిడంటే ఇష్టం. నేను అక్కా అని పిలిచేదాన్ని.

తమ ఊళ్లో పెళ్లిళ్లకూ గంగమ్మ జాతరకూ పాడుకునే పాటలు ఒకచోట ఉండాలని వాళ్లకు ఆశ. వాళ్లకు తీరిక దొరికేది వేసవిలోనే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ రెండు నెలలు సముద్రంలో వేట నిషేధిస్తారు. బోట్లు ఒడ్డున ఉంటాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటారు, ఆడవాళ్లకు చేపల బుట్టల పని ఉండదు. ఆ తీరికలోనే వాళ్లు రైలెక్కి వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ ఒకటో రెండో పాటలు పాడి సాయంత్రం బండికి వెళ్లిపోయేవారు. అలా దాదాపు అన్నీ పూర్తయ్యాయి. మిగిలింది ఒక్క పాట. అన్నిటికంటే పెద్దది, వాళ్లందరికీ ఇష్టమైనది. అందులో సముద్రాన్ని బావా అని పిలిచి తిడతారు. మా మగవాళ్లను ఇంకా ఎంతసేపు నీ దగ్గర కూర్చోబెట్టుకుంటావు, పంపించు, బియ్యం ఉడికిపోయాయి అంటూ ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. నిషేధం ముగిసేలోపు అది పూర్తి చేయాలి. ముగిసిందంటే తెల్లవారకముందే వాళ్లు బోట్ల దగ్గర ఉండాలి. ఆరుగురూ ఒక్కచోట దొరకడం మళ్లీ వచ్చే వేసవిలోనే.

ఆ పాటలకు వాయిద్యాలు సమకూర్చే పని హైదరాబాదులో ఉన్న నా క్లాస్‌మేట్ ఒకతను చేస్తున్నాడు. భీమవరం కాలేజీలో నాతో చదివినవాడే. పెద్ద పాటకు డప్పూ, వేణువూ వాయించి ఫైలు పంపాడు. ఆ వాయిద్యాలు చెవిలో వింటూ వీళ్లు పాడాలి. తెరవబోతే నా కంప్యూటరు ఒప్పుకోలేదు. ఈ ఫైలు పాటల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో తయారైంది, మీ దగ్గరున్నది పాతది అని చెప్పింది. అతనికి ఫోన్ చేశాను.

"ఇంకా ఆ పాతదే వాడుతున్నావా? అప్‌గ్రేడ్ చేసెయ్. పది నిమిషాల పని," అన్నాడు.

అత్తయ్యగారికి ఈ ఆలోచన నచ్చలేదు. "వాళ్లు రేపేగా వచ్చేది. నడుస్తున్నదాన్ని ఇప్పుడే కదిలించాలా అమ్మాయ్?" అన్నారు.

"కదిలించకపోతే వాయిద్యాలు వినపడవు అత్తయ్యగారూ. దేనిమీద పాడతారు?" అన్నాను.

 ముందు పాటలన్నీ విడిగా ఇంకో డిస్కులోకి ఎక్కించి పెట్టుకున్నాను. తర్వాత కొత్త వెర్షన్ డౌన్‌లోడ్ పెట్టాను. మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది. ఇన్‌స్టాలేషన్ విజయవంతంగా పూర్తయిందని తెరమీద ఆకుపచ్చ టిక్కు వచ్చింది. అభినందనలు అని కూడా రాసింది. తెరిచాను. మొదట కనిపించే కంపెనీ బొమ్మ వచ్చింది, దాని కింద ఏవో పేర్లు గబగబా మారాయి, ఒక్క క్షణం ఆగింది, మాయమైపోయింది. తప్పు ఏమిటో చెప్పలేదు. పరిచయం లేని ఇంట్లోకి తొంగిచూసి వెళ్లిపోయిన మనిషిలా అలా వచ్చి ఇలా వెళ్లిపోయింది.

కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాను. అంతే. మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. అంతే. పోనీ పాత వెర్షనే వెనక్కి తెచ్చుకుందామని చూస్తే, ఇందులో ఇంతకంటే కొత్తది ఉంది, కుదరదు అంది. కంపెనీవాళ్లకు మెయిల్ పెట్టాను. మీ సమస్య మాకు చాలా ముఖ్యం, పనిదినాల్లో సమాధానం ఇస్తాం అని ఆ నిమిషంలోనే జవాబొచ్చింది. అది మనిషి రాసింది కాదని తెలుస్తూనే ఉంది. హైదరాబాదు ఫోన్ చేస్తే, "నాకు బాగానే వచ్చింది మరి. ఫార్మాట్ కొట్టెయ్, మొత్తం కొత్తగా ఎక్కించుకో," అన్నాడు. ఈసారి మాత్రం అత్తయ్యగారు వెనక నుంచి గట్టిగా, "ఆ మాట మాత్రం వినకు," అన్నారు.

ఇంతలో సముద్రం ఒడ్డు నుంచి అక్క ఫోన్ చేసింది.

"పొద్దున్నే బయల్దేరిపోతున్నామమ్మా. ఎల్లుండి గంగమ్మకు పసుపూ కుంకుమా పెట్టి బోట్లు దింపేస్తారు. ఇంక మాకు ఊపిరాడదండి. అంతా సిద్ధంగానే ఉందా?"

నేను కంప్యూటరు వైపు చూశాను. నోటిదాకా వచ్చింది, రావద్దని చెబుదామని. "రండక్కా," అన్నాను.

"ఆయ్, వచ్చేస్తాం," అని పెట్టేసింది.

ఫోన్ పక్కన పెట్టి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాను. అత్తయ్యగారు కంప్యూటరు స్విచ్చి కట్టేసి, "రా, అన్నం తిని పడుకో. అలసిపోయిన కళ్లకు ఎదురుగా ఉన్నది కూడా కనిపించదు," అన్నారు. నిద్ర పట్టదనుకున్నాను గానీ బాగానే పట్టింది.

పొద్దున్న కాఫీ తీసుకుని మేడమీదికి వెళ్లాను. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వీడియో ఒకటి చూస్తూ కూర్చున్నాను. అందులో ఒక కుర్రాడు, ఇలా తెరుచుకుని మూసుకుపోతుంటే చాలాసార్లు ప్లగిన్ల వల్లే అవుతుందని, అవి ఏ ఫోల్డర్లో ఉంటాయో చూపించాడు. ప్లగిన్లంటే పాటల సాఫ్ట్‌వేర్‌కు మనం తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లు. ఒకటి గొంతు గుడిలో మోగినట్టు చేస్తుంది, ఇంకొకటి ఫ్యాను హోరు తీసేస్తుంది, మరొకటి తబలా వాయిస్తుంది. ఏళ్ల తరబడి నేను పోగేసుకున్నవి లెక్కలేనన్ని ఉన్నాయి. బొమ్మ కింద గబగబా మారే పేర్లు అవేనని అప్పుడు తట్టింది. సాఫ్ట్‌వేర్ వాటిని ఒక్కొక్కదాన్నీ పలకరిస్తోంది. పలకరించగానే కుప్పకూలేలా చేసేది ఏదో ఒకటి ఉంది. అది ఏది?

వీడియో అక్కడికి ఆపేసి, ఫోల్డర్లో ఉన్నవన్నీ తీసి పక్కకు పెట్టాను. సాఫ్ట్‌వేర్ తెరిచాను. బొమ్మ వచ్చింది. ఈసారి మాయం కాలేదు. ఖాళీ తెర, శుభ్రంగా, ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యగారూ, తెరుచుకుంది!" అని మేడమీంచే కేకేశాను.

"అయితే పాడిస్తోందా?" అని కింద నుంచి కేక వచ్చింది.

ఇంకా లేదు. పాటల్లో వాడినవన్నీ ఆ పనిముట్లే. అవి లేకుండా లాభం లేదు. అన్నిటినీ వెనక్కి పెట్టాలి, ఆ ఒక్కదాన్ని తప్ప. ఒక్కొక్కటే పెట్టి తెరిచి చూస్తూ పోతే సాయంత్రం అయిపోతుంది. అప్పుడు నాకు మా నాన్న చెరువు గట్టు గుర్తొచ్చింది.

భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులుండేవి. నీళ్లలోకి గాలి అందడానికి చెరువు నిండా ఏరేటర్లు తిరుగుతూ ఉండేవి. ఏదో ఒక మోటారులోకి నీళ్లు దిగితే మొత్తం కరెంటు పడిపోయేది. మెయిన్ స్విచ్చి పైకి లేపితే మళ్లీ పడిపోయేది. గాలి లేకపోతే రొయ్యలు పైకి తేలిపోతాయి. ఒక్కొక్క మోటారూ విప్పి చూస్తూ కూర్చునే వ్యవధి ఉండదు. నాన్న అప్పుడు ఈ గట్టువైపు మోటార్లన్నీ ఆపించి మెయిన్ లేపేవాడు. నిలబడిందంటే తప్పు ఆపేసిన సగంలో ఉన్నట్టు. అందులో మళ్లీ సగం కలిపేవాడు. అలా సగం సగం చేసుకుంటూ పోతే నాలుగైదు లేపుళ్లలో ఆ పాడు మోటారు దొరికిపోయేది. చిన్నప్పుడు స్విచ్చిల దగ్గర నిలబడి, ఆయన కేకేసినప్పుడల్లా లేపింది నేనే.

సగం ప్లగిన్లు వెనక్కి పెట్టి తెరిచాను. తెరుచుకుంది. అయితే దొంగ రెండో సగంలో ఉంది. అందులో సగం కలిపాను. మాయమైపోయింది. మొట్టమొదటిసారి అది మాయమైనందుకు నాకు సంతోషం వేసింది. ఆ సగాన్ని మళ్లీ రెండు చేశాను. ఆ పనిలో ఉండగానే అక్క ఫోన్.

"నిడదవోలులో బండి మారామమ్మా. కూర్చోడానికి చోటు దొరికింది. వచ్చేస్తున్నాం."

నిడదవోలు దాటితే కొవ్వూరు, ఆ తర్వాత వంతెన, వంతెన దిగితే మా ఊరే. "నిదానంగా రండక్కా," అన్నాను. నిదానంగా అని ఎందుకు అన్నానో ఆవిడకు తెలియదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పెట్టాను, తెరుచుకుంది. దాన్ని తీసి రెండోది పెట్టాను, మాయం. దొరికింది! స్టూడియో పెట్టిన కొత్తలో ఊరికే వస్తుంటే తెచ్చుకున్న మోత ప్లగిన్ అది. గొంతు వెనక గుడి మంటపంలాంటి ప్రతిధ్వని ఇచ్చేది. దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో పని మానేశారు. కొత్త వెర్షన్‌తో దానికి పొత్తు కుదరలేదు, అంతే. దాన్ని తీసి అవతల పడేసి మిగతావన్నీ వెనక్కి పెట్టాను. సాఫ్ట్‌వేర్ తెరిచాను. పేర్లన్నీ వరసగా మారాయి. బొమ్మ నిలబడింది, తెర తెరుచుకుంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఫైలు నొక్కాను. డప్పూ, వేణువూ, అన్నీ రంగురంగుల గీతలుగా వరసగా పరుచుకున్నాయి. కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగాను. ఆ క్షణంలో నన్ను ఎవరైనా చూసుంటే నవ్వేవారు.

గొంతులు కూడా సరిగ్గా వస్తున్నాయో లేదో చూద్దామని, అంతకుముందు పాడిన పెళ్లి పాట ఒకటి తెరిచి మోగించాను. అక్క గొంతు వచ్చింది, వెనక మిగతావాళ్లు అందుకున్నారు. అబ్బ అనుకున్నాను. మెట్లమీద అడుగుల చప్పుడు. అత్తయ్యగారు చేతిలో గరిటెతోనే గుమ్మంలో నిలబడ్డారు.

"ఎవరు పాడుతున్నారు?"

"వాళ్లేనండి. పోయినసారి పాడిన పెళ్లి పాట."

"వాళ్లు కాదు."

"వాళ్లే అత్తయ్యగారూ, ఫైలు మీద పేరుంది చూడండి."

"పేరు సంగతి నాకు తెలియదు. ఈ గొంతులు వాళ్లవి కావు," అని గరిటె నా చేతికిచ్చి, గది మూలనున్న హార్మోనియం ముందు కూర్చున్నారు. పాట నడుస్తుంటే మెట్టుమీద వేలు పెట్టారు. తీశారు. పక్క మెట్టుమీద పెట్టారు. మొహం చిట్లించారు.

"వాళ్లు పాడింది అయిదు శ్రుతిలో. నేనే ఇచ్చాను, నాకు తెలుసు. ఇదిప్పుడు అయిదూ కాదు, అయిదున్నరా కాదు, ఆరూ కాదు. అయిదున్నరకీ ఆరుకీ మధ్యన ఎక్కడో నిలబడింది. ఇక్కడ మెట్టే లేదు కదే అమ్మాయ్! ఎవరైనా ఇక్కడ ఎలా పాడతారు?"

అప్పుడు విన్నాను నేను కూడా. సంతోషంలో పట్టించుకోలేదు గానీ, పాట సన్నగా, చురుగ్గా పరిగెడుతోంది. గోడ గడియారం వైపు చూశాను. తెరమీద పాట నిమిషాలు చూపించే అంకెల వైపు చూశాను. గడియారంలో ముల్లు ఒక చుట్టు పూర్తి చేసేలోపే తెరమీద అంకెలు నిమిషం దాటి పోతున్నాయి. పాట శ్రుతి పెరగడమే కాదు, మొత్తం పాటే త్వరగా తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడే కింద ఆటోలు ఆగాయి. ఆరుగురూ మెట్లెక్కి వచ్చేశారు. పాట మోగుతూనే ఉంది. గుమ్మంలో అక్క ఆగి విని, నా వైపు చూసి, మళ్లీ విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనకున్న ఒకామె, "ఇది మన పాటే కదే! ఎవరో బడిపిల్లలచేత పాడించేశారేంటి?" అంది. ఇంకొకామె, "పిల్లలు కాదే, నువ్వే! ఆ దగ్గు నీదే, విను!" అంది. ఇంక అక్కడినుంచి ఆగలేదు. ఆరుగురూ గోడలకు ఆనుకుని, కింద కూర్చుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. అక్క సన్నటి గొంతు పెట్టి తన పాటనే తాను వెక్కిరిస్తూ పాడింది. అత్తయ్యగారు మొదట కోపంగా చూసి, తర్వాత ఆవిడా నవ్వేశారు.

"ఏమైందమ్మా?" అంది అక్క, కళ్లు తుడుచుకుని.

"నిన్న కొత్తది ఎక్కించానక్కా. ఒకటి దారికొచ్చింది. ఇంకొకటి రావాలి. కాస్సేపు కూర్చోండి."

"కూర్చుంటాంలెండి. మామిడిపళ్లు తెచ్చాం, తింటూ ఉంటాం. సాయంత్రం బండికి అందిస్తే చాలు."

అత్తయ్యగారు వాళ్లను కిందకు తీసుకెళ్లారు. నేను ఒక్కదాన్నీ కూర్చుని ఆలోచించాను. శ్రుతి మెట్టుమీద కాకుండా మెట్ల మధ్యలో పడిందంటే, అది మనిషి చేసిన మార్పు కాదు. ఏదో రెండు లెక్కల మధ్య తేడా. పాటను రికార్డు చేసేటప్పుడు కంప్యూటరు ధ్వనిని సెకనుకు ఇన్నిసార్లని కొలిచి రాసుకుంటుంది. మేము ఎప్పుడూ నలభై నాలుగు వేల వంద సార్లు కొలిచే లెక్క పెట్టుకుంటాం. మోగించేటప్పుడు కూడా అదే లెక్కలో చదవాలి. అంతకంటే ఎక్కువ వేగంతో చదివితే పాట పరిగెడుతుంది, గొంతు సన్నబడుతుంది.

మైకుకూ కంప్యూటరుకూ మధ్య మాకు చిన్న ఆడియో పెట్టె ఒకటి ఉంటుంది. దాని సెట్టింగు తెరిచాను. నలభై ఎనిమిది వేలు అని ఉంది. అప్‌గ్రేడ్‌తో పాటు దీనికి కూడా ఏదో కొత్తది ఎక్కి, లెక్క మార్చేసిందనుకున్నాను. అదే తప్పు! సరిచేశాను. నా కళ్లముందే మళ్లీ నలభై ఎనిమిది వేలకు వెళ్లిపోయింది. ఇంకోసారి మార్చాను. మళ్లీ వెళ్లిపోయింది. తీగ ఊడదీసి మళ్లీ పెట్టాను. కంప్యూటరు ఆపి తెరిచాను. తెరవగానే పొద్దుటి వీడియో విండో కూడా తనంతట తానే మళ్లీ తెరుచుకుంది. సెట్టింగు మార్చాను. అదే వరస.

నా కోపం చల్లారేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేను మారుస్తుంటే ఎవరో వెనక్కి లాగుతున్నారు. ఎవరు? ఈ పెట్టెను నేను కాక ఇంకెవరు వాడుతున్నారు? పాట సాఫ్ట్‌వేర్ మూసేశాను. అయినా లాగుతోంది. అంటే ఇంకొకరెవరో ఉన్నారు. తెర అడుగున చూశాను. సగంలో ఆపేసిన వీడియోలో ఆ కుర్రాడు నోరు తెరిచి అలాగే ఉన్నాడు. నాకు సాయం చేయడానికి వచ్చినవాడే పెట్టెను పట్టుకుని కూర్చున్నాడు! వీడియోల లెక్క నలభై ఎనిమిది వేలు. ఆ విండో తెరిచి ఉన్నంతసేపూ పెట్టె అతని మాటే వింటోంది.

వీడియో మూసేశాను. సెట్టింగు మార్చాను. చూస్తూ కూర్చున్నాను. నలభై నాలుగు వేల వంద. కదల్లేదు. పెళ్లి పాట తెరిచి మోగించాను. అక్క గొంతు గది నిండా దిగింది. బరువుగా, నిదానంగా, కాస్త బొంగురుగా, ఆవిడ గొంతే. మేడమీంచి పిలవాల్సిన పని లేకపోయింది. అత్తయ్యగారు మెట్లమీదే ఆగి విన్నారట. సరాసరి హార్మోనియం దగ్గరికి వెళ్లి అయిదు మెట్టుమీద వేలు పెట్టారు. హార్మోనియం, పాట ఒక్కటిగా కలిసిపోయాయి. వేలు తీయకుండానే నా వైపు తిరిగి, "ఇదీ వాళ్ల గొంతు," అన్నారు. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అరుదు. ఆ రోజు నా తలమీద చెయ్యి వేసి, కాస్సేపు అలాగే ఉంచారు.

కింద నుంచి అందరూ ఎక్కి వచ్చారు. ఫ్యాను ఆపాం. ఏసీ ఆపాం. కిటికీ రెండు వరసల తలుపులూ మూశాం. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆరుగురూ మైకు చుట్టూ నిలబడ్డారు. డప్పు మొదలైంది. అక్క కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసి తల ఊపింది. బావా అని సముద్రాన్ని పిలిచింది.

ఆ పాట నేను అంతకుముందు విన్నాను, కానీ డప్పు మీద వినడం అదే మొదలు. ఒకామె సముద్రాన్ని దబాయిస్తుంది, ఇంకొకామె బతిమాలుతుంది, మూడో ఆమె బియ్యం ఉడికిపోయాయని బెదిరిస్తుంది. చెమట ధారగా కారుతోంది ఒక్కొక్కరికీ. ఎవరూ తుడుచుకోలేదు. మధ్యలో వంతెన వైపు నుంచి రైలు కూత ఒకటి సన్నగా దూరింది, అక్కడ ఆపి మళ్లీ మొదలుపెట్టాం. రెండోసారి మొదటిసారికంటే బాగా వచ్చింది.  అత్తయ్యగారి కనుబొమ్మ ఒక్కసారి కూడా కదల్లేదు.

ఫ్యాను వేసి, స్పీకర్లలో వినిపించాను. అక్క చివరిదాకా శ్రద్ధగా విని, "అంతా బాగుంది గానీ, మోత ఏదమ్మా?" అంది.

"ఏ మోతక్కా?"

"మిగతా పాటల్లో వెనకాల గుడిలో మైకులాగా మోగేది కదండీ. అది పెట్టకపోతే ఎలా? ఇలా వింటే మా వంటింట్లో పాడినట్టుంది."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. పొద్దున నేను పట్టుకుని అవతల పారేసిన దొంగ అదే. ఆ ప్లగిన్ కథంతా చెప్పాను. "మా పాటల్లో మంచిదాన్నే పట్టుకు పారేశారా!" అంది. కొత్త వెర్షన్‌తో పాటు వచ్చిన మోతలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ వినిపించాను. పెద్ద హాలు వద్దంది, గుహ వద్దంది. చివరికి ఒకటి విని, "ఇది. ఇది మా జాతర మైకు," అని ఖాయం చేసింది. పాతదానికంటే ఇదే బాగుందని నాకు అనిపించింది. మిగతా పాటలన్నిటికీ కూడా అదే పెట్టాలని తీర్మానించారు.

బండికి ఇంకా వ్యవధి ఉంది. వెనక అందరూ కలిసి అందుకునే చోట ఇంకాస్త నిండుగా ఉంటే బాగుండునని నేను అన్నాను. ఇంకోసారి ఆరుగురూ పాడితే పైన కలుపుదామని నా ఉద్దేశం. అక్క వెనక్కి తిరిగి గుమ్మం పక్క కుర్చీ వైపు చూసింది.

"పంతులమ్మగారూ, మీరూ రండి."

"నేనా? నాకేం వచ్చు మీ పాట?"

"ఇన్నిసార్లు విన్నారు, రాకపోవడమేంటండీ? ఆయనగారు సముద్రంలో ఉంటేనే పాడాలా ఏంటి? మీ ఆయన్నో, మీ అబ్బాయినో ఎవరో ఒకర్ని తలుచుకుని తిట్టండి. పదండి!"

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది. అన్నేళ్లు ఆ గదిలో అందరి తప్పులూ దిద్దిన మనిషి, మైకు ముందు నిలబడి చీర కొంగు సర్దుకున్నారు. నేను హెడ్‌ఫోన్లు తగిలించాను. మొదటి వరస కాస్త శాస్త్రీయంగా, జాగ్రత్తగా పాడారు. రెండో వరసకు అక్క మోచేత్తో పొడిచింది. మూడో వరసకు అత్తయ్యగారు గొంతు విప్పారు. నా ఎదురుగా తెరమీద ఆ గీత ఒక్కసారి పైకి లేచింది. బావా అని పిలిచే చోట ఆవిడ చెయ్యి ఎత్తి ఎవరినో నిజంగానే దబాయించారు. పాట అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. "ఇలా ఉందేంటండీ, మీ గొంతు దాచుకున్నారా!" అంది అక్క. ఆవిడ ఎర్రబడ్డ మొహంతో, "నీళ్లు ఇవ్వవే," అన్నారు నాతో.

సాయంత్రం ఆటోలెక్కేటప్పుడు అక్క, "మళ్లీ వేసవికే ఇంక. ఈలోపు ఇంకా కొత్తవి ఏమీ ఎక్కించకండమ్మా," అంది. ఎక్కించనని మాటిచ్చాను. ఫైలు హైదరాబాదు పంపించేశాను. కాస్సేపటికే అతని నుంచి జవాబు వచ్చింది. డప్పు కంటే వీళ్లే ఎక్కువ మోగుతున్నారు, నేనే ఇంకా గట్టిగా వాయించాలి అని.

వాళ్లు వెళ్లాక గదిలో మామిడిపళ్ల వాసన మిగిలింది. వైర్లు చుట్టేసి, కిటికీ తలుపులు రెండు వరసలూ బార్లా తెరిచాను. చల్లటి గాలి వచ్చింది. అత్తయ్యగారు కిందికి వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని, "ఒక్కసారి పెట్టు," అన్నారు. పెట్టాను. అయిపోయింది. "ఇంకొక్కసారి. ఈసారి కాస్త పెద్దగా," అన్నారు. స్పీకర్లు ఎంతవరకూ తట్టుకుంటాయో అంతవరకూ పెంచాను. పాట కిటికీలోంచి వీధిలోకి దూకింది. ఎదురింటి మేడమీద బట్టలు తీస్తున్నావిడ ఆగి, పిట్టగోడ దగ్గరికి వచ్చి ఈ వైపు చూసింది.

"ఎవరండీ పాడుతున్నారు? చాలా బాగుందే!" అని కేకేసింది.

అత్తయ్యగారు కుర్చీలోంచి లేచి బాల్కనీలోకి వెళ్లి, రెయిలింగు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు.

"మేమేనండి!" అన్నారు, వీధంతా వినపడేలా.